మన చెత్త ఎక్కడికి పోతుంది? పిల్లలకు చేయించి నేర్పే సమగ్ర మార్గదర్శి

"చెత్తను చెత్తబుట్టలోనే వేయాలి" అని ఏ పిల్లవాణ్ని అడిగినా ఠక్కున చెబుతాడు. ఒకటో తరగతి నుంచీ చెబుతున్న మాటే. అక్కడితో పాఠం అయిపోతుంది. కానీ అసలు సమస్య మొదలయ్యేదే బుట్ట తర్వాత. బుట్టలో పడ్డదాన్ని ఎవరు తీసుకెళ్తున్నారు, ఎక్కడ పోస్తున్నారు, అక్కడ అది ఏమవుతోంది, ఆ పక్కన ఎవరు బతుకుతున్నారు? ఇవి పెద్దవాళ్లలోనే చాలామందికి తెలియదు.

నేను బడిలో సైన్సు చెబుతాను. చెత్త మీద వ్యాసరచన పోటీలు, డ్రాయింగ్ పోటీలు, ర్యాలీలు చాలా చూశాను. ర్యాలీ అయిపోయాక పంచిన బిస్కెట్ల ప్యాకెట్లు గ్రౌండులోనే పడి ఉంటాయి. పిల్లల తప్పు కాదు. వాళ్లకు మనం నినాదాలు నేర్పాం, పని నేర్పలేదు. తమ ఇంటి చెత్తను ఒక్కసారి చేత్తో విడదీసిన పిల్లలు, తొక్కలు మట్టిగా మారడం కళ్లారా చూసిన పిల్లలు, ఆ తర్వాత మనం చెప్పకుండానే కొన్ని పనులు మానేస్తారు. ఈ మార్గదర్శి మొత్తం ఆ పద్ధతిలోనే ఉంటుంది. ఇంట్లో అమ్మానాన్నలైనా, బడిలో టీచర్లైనా వాడుకోవచ్చు. రెండు మూడు నెలల్లో, ఆదివారాలు, సెలవు రోజులు చూసుకుని నెమ్మదిగా చేయండి.

1. ముందు మీరు తెలుసుకోండి

పిల్లలతో మొదలుపెట్టే ముందు కొన్ని రోజులు మీ వీధి చెత్త సంగతి గమనించండి. బండి ఎన్నింటికి వస్తోంది? తడి, పొడి వేరుగా తీసుకుంటున్నారా? బండిలో వేర్వేరు అరలున్నాయా? నిండాక బండి ఎటు పోతోంది? బండి మీద వచ్చే మనిషినే అడగండి. "అన్నా, ఇదంతా ఎక్కడికి తీసుకెళ్తారు?" అని ఆగి అడిగేవాళ్లు తక్కువ. అడిగితే ఓపిగ్గా చెబుతారు.

పల్లెటూళ్లలో ఉన్నవాళ్లు పంచాయతీ ట్రాక్టర్ సంగతి కనుక్కోండి. తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఊళ్ల చివర 'చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం' అని బోర్డు ఉన్న షెడ్డు కనిపిస్తుంది. మీ ఊళ్లో అది నడుస్తోందా, తాళం వేసి ఉందా వెళ్లి చూసి రండి. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఎలాగూ అదే.

ఇంకో రెండు విషయాలు మనవైపు నుంచి సర్దుకోవాలి. బస్సు కిటికీలోంచి ఖాళీ వాటర్ బాటిల్ విసిరేసే నాన్న చెప్పే పాఠం పిల్లలకు ఎక్కదు. అలాగే "చెత్తవాడు వచ్చాడు" అని ఇంట్లో పిలిచే పిలుపు ఈ రోజుతో ఆపేయాలి. ఆ మనిషికి పేరుంటుంది, కనుక్కోండి. అన్న అనో, అక్క అనో పిలవమని పిల్లలకు చెప్పండి. ఈ పని చేసేవాళ్లంటే గౌరవం లేకుండా చెత్త గురించి ఎంత చెప్పినా పిల్లలకు అందేది అసహ్యం మాత్రమే.

2. ఒక రోజు చెత్తను పరిచి చూడండి

ఒక ఆదివారం, ముందు రోజు చెత్తను బండికి వేయకుండా ఉంచండి. డాబా మీదో, వరండాలోనో పాత న్యూస్‌పేపర్లు పరవండి. పిల్లల చేతికి గ్లవ్స్ ఇవ్వండి, లేకపోతే కవర్లు తొడిగి మణికట్టు దగ్గర రబ్బర్ బ్యాండు వేయండి. పరిచే ముందు బుట్టను మీరొకసారి చూసి పగిలిన గాజు, బ్లేడ్లు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, సిరంజిలు, మందులు తీసేయాలి. ఇది మర్చిపోవద్దు.

ఇప్పుడు పిల్లల్ని కుప్పలు చేయమనండి. ఎన్ని కుప్పలో మీరు చెప్పొద్దు, వాళ్లనే తేల్చుకోనివ్వండి. కొందరు రంగును బట్టి వేస్తారు, కొందరు వాసన వచ్చేవి, రానివి అని వేస్తారు. వాసన వచ్చేవి, రానివి అన్నది నిజానికి మంచి మొదలు, తడి పొడి తేడా దాదాపుగా అదే.

తర్వాత కాటా తెచ్చి తూయించండి. చాలా ఇళ్లలో బరువు ఎక్కువ తూగేది కూరగాయల తొక్కలు, అన్నం, టీ పొడి ఉన్న కుప్ప. చూడ్డానికి ఎక్కువ చోటు పట్టేది కవర్లు, డబ్బాల కుప్ప. మన నగరాల చెత్తలో సుమారు సగం, చాలాచోట్ల అంతకు మించి, తడి చెత్తే ఉంటుంది. ఆ లెక్క తమ ఇంటి కాటా మీదే తేలినప్పుడు పిల్లలు ఇక మర్చిపోరు. నాలుగో తరగతి దాటినవాళ్ల చేత నోట్‌బుక్‌లో రాయించండి: తేదీ, తడి ఎంత, పొడి ఎంత. ఈ నోట్‌బుక్ తర్వాత పనికొస్తుంది.

కుప్పలు ఎత్తేసే ముందు ఒక ప్రశ్న అడగండి. "వీటిలో ఏది మన దగ్గర ఎంతసేపు ఉంది?" పాల ప్యాకెట్ ఒక పూట. కర్రీ పాయింట్ నుంచి సాంబారు తెచ్చిన కవరు పావుగంట. నాన్న పాత చొక్కా ఆరేళ్లు. జవాబులు పిల్లలే వెతుక్కుంటారు, మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

3. బండి వెనకాలే వెళ్లండి, కనీసం కాగితం మీద

ఒక కాగితం మీద మన ఇల్లు గీయించి, అక్కడి నుంచి చెత్త వెళ్లే దారి గీయించండి. ఇల్లు, ఆటో, ట్రాన్స్‌ఫర్ స్టేషన్ (ఆటోల చెత్తను పెద్ద లారీలోకి మార్చే చోటు), పెద్ద లారీ, డంపింగ్ యార్డు. హైదరాబాద్ పిల్లలైతే ఆ దారి జవహర్‌నగర్ దాకా పోతుంది. మహానగరంలో రోజూ పుట్టే వేల టన్నుల చెత్త ఏళ్ల తరబడి అక్కడికే చేరింది. పాత గుట్టను మట్టితో కప్పారు, 2020లో చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. అయినా చుట్టుపక్కల దమ్మాయిగూడ లాంటి కాలనీల వాళ్లు వాసన గురించి ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. గుట్టలోంచి ఊరే నల్లటి నీళ్లు మల్కారం చెరువును పాడుచేశాయి. విశాఖ పిల్లలకు ఆ చోటు కాపులుప్పాడ. మీ ఊరికి ఏదో కనుక్కుని దాని పేరు చెప్పండి. 'డంపింగ్ యార్డు' అంటే పిల్లలకు ఏమీ అర్థం కాదు. తాతయ్య వాళ్ల ఊరికి వెళ్లే దారిలో ముక్కు మూసుకునే చోటు అంటే వెంటనే అర్థమవుతుంది.

అక్కడ ఏం జరుగుతుందో సులువుగా ఇలా చెప్పొచ్చు. తడి చెత్త గుట్ట అడుగున గాలి తగలకుండా కుళ్లుతుంది. అలా కుళ్లినప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది, దానికి మండే గుణం ఉంది. పైగా భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా చాలా బలమైనది. అందుకే డంపింగ్ యార్డుల్లో ఎండాకాలం మంటలు లేస్తుంటాయి. 2023 మార్చిలో కొచ్చిలోని బ్రహ్మపురం యార్డు అంటుకుని రోజుల తరబడి నగరమంతా పొగ కమ్మేసింది, బడులకు సెలవులు ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఆరేడేళ్ల పిల్లలకు మంటలు, పొగ కథలు చెప్పి భయపెట్టాల్సిన పని లేదు. వాళ్లకు ఆవు కథ చాలు: ముడి వేసిన కవర్లో అన్నం పడేస్తే ఆవుకు ముడి విప్పడం రాదు, కవరుతో సహా మింగేస్తుంది.

పిల్లల్ని పెద్ద డంపింగ్ యార్డుకు తీసుకెళ్లొద్దు. లారీలు, పొగ, గాజు పెంకులు ఉండే చోటది. అంతకన్నా పొడి చెత్త విడదీసే కేంద్రమో, ఎరువు తయారుచేసే షెడ్డో చూపించండి. మున్సిపాలిటీలో, పంచాయతీలో ముందుగా అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. విజయనగరం జిల్లా బొబ్బిలికి చెత్తను విడదీసి ఎరువు చేసే పనిలో చాలా ఏళ్లుగా పేరుంది. సిద్దిపేటలో తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు ఉంది. ఆ దగ్గర్లో ఉన్నవాళ్లకు విహారయాత్రకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

4. విడదీయడం ఇంటి పనిగా మార్చండి

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇంటి చెత్తను తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడుగా విడదీయమన్నాయి. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి. పిల్లలతో మాత్రం రెండింటితో మొదలుపెట్టండి. తడికి ఆకుపచ్చ బుట్ట, పొడికి నీలం బుట్ట. మున్సిపాలిటీ ఇచ్చినవి లేకపోతే పాత బకెట్లకు రంగు కాగితం అంటించినా చాలు. తడి బుట్ట వంటింట్లో గట్టు కింద ఉండాలి, చేతికి అందకపోతే ఎవరూ వాడరు. అందులో ప్లాస్టిక్ కవరు పరవొద్దు. న్యూస్‌పేపర్ పరిచి, రోజూ కడిగేస్తే వాసన రాదు.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇది ఆటే. అరటి తొక్క చేతికిచ్చి "దీని ఇల్లెక్కడ?" అంటే పరుగెత్తుకెళ్లి వేస్తారు. ఏడేళ్లు దాటినవాళ్లకు చిక్కుముళ్లు ఇవ్వాలి, లేకపోతే విసుగొస్తుంది. చిట్టీల మీద వస్తువుల పేర్లు రాసి డబ్బాలో వేసి తీయించండి. పెరుగు కప్పు? కడిగితే పొడి. గుడ్డు పెంకు? తడి. మిరపకాయ బజ్జీలు చుట్టి ఇచ్చిన నూనె కాగితం? పాత పేపర్ల వాడికి పనికిరాదు, తడిలోకి పోతుంది. మామిడి టెంక? తడే, కానీ కుళ్లడానికి చాలా రోజులు పడుతుంది. పూజ పూలు తడి, ఆ దండలోని ప్లాస్టిక్ దారం పొడి. దండ విప్పి రెండూ విడదీయాల్సిందే.

పేపరు టీ కప్పు దగ్గర పిల్లలందరూ ఓడిపోతారు. కాగితం కదా అంటారు. అప్పుడు ఒక కప్పును రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నే పిల్లల చేతికివ్వండి. మెత్తబడ్డ కాగితాన్ని గోటితో గీకుతూ పోతే లోపలి నుంచి పల్చటి, మెరిసే ప్లాస్టిక్ పొర కప్పు ఆకారంలోనే ఊడి వస్తుంది. వేడి టీ ఇన్నాళ్లూ ఆ పొరలో పోసుకుని తాగామన్నమాట. పేపరు ప్లేట్లలో కూడా మెరుస్తూ కనిపించేది సాధారణంగా ఇలాంటి పొరే. ఈ ఒక్క పని చేయించాక మా పిల్లల్లో కొందరు ఇళ్లలో ఫంక్షన్లప్పుడు పేపరు కప్పుల గురించి పెద్దవాళ్లతో వాదించడం మొదలుపెట్టారు.

రెండు బుట్టలు అలవాటయ్యాక మిగతావి చెప్పండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా ఇది మామూలు విషయంగానే చెప్పండి. బ్యాటరీ సెల్స్, గడువు తీరిన మందులు, ట్యూబ్‌లైట్లు ఒక అట్టపెట్టెలో పోగుచేయండి. ట్యూబ్‌లైట్లో పాదరసం ఉంటుంది కాబట్టి పిల్లలు దాన్ని పగలగొట్టి ఆడకూడదు. పగిలిన గాజును మందపాటి పేపర్లో చుట్టి 'గాజు' అని రాయించండి. ఆ రాత పిల్లల చేతే రాయించడం మంచిది. చెత్తలో చెయ్యి పెట్టేది ఒక మనిషి అని, ఆ మనిషి చేతికి గ్లవ్స్ ఉండకపోవచ్చని రాస్తున్నప్పుడే చెప్పండి.

5. మట్టిలో పాతి చూడండి

పెద్ద పూలకుండీ గానీ పెరట్లో కాస్త చోటు గానీ చాలు. అరటి తొక్క, న్యూస్‌పేపర్ ముక్క, నూలు గుడ్డ పీలిక, చిప్స్ ప్యాకెట్ ముక్క, షాంపూ సాచెట్ తీసుకోండి. జానెడు లోతులో ఒక్కోటి విడిగా పాతి, పక్కన పుల్ల గుచ్చి, పేరు రాయండి. మట్టి ఆరిపోకుండా అప్పుడప్పుడు నీళ్లు చల్లాలి. తవ్వే ముందు ఏది ఏమై ఉంటుందో పిల్లల చేత ఊహించి రాయించండి.

నెలన్నర తర్వాత తవ్వితే అరటి తొక్క దాదాపుగా కనిపించదు. పేపరు ముట్టుకుంటే చిరిగిపోతుంది. గుడ్డకు చిల్లులు పడి ఉంటాయి. చిప్స్ ప్యాకెట్‌ను నీళ్లలో కడిగితే మాత్రం రంగు, ధర, తయారీ తేదీ అన్నీ చదవొచ్చు. దీని కొనసాగింపుగా చెరువుగట్టు దగ్గరో, ఖాళీ స్థలంలోనో పడి ఉన్న పాత ప్యాకెట్ల మీద తేదీలు వెతికించండి, అన్నిటికన్నా పాతది ఎవరికి దొరుకుతుందో చూద్దాం అనండి. తాము పుట్టకముందు తయారైన ప్యాకెట్ దొరికితే ఆ పిల్లలు ఇంటికెళ్లి అందరికీ చెబుతారు.

చిప్స్ ప్యాకెట్ ఎందుకలా ఉంటుందో పెద్ద పిల్లలకు వివరించండి. అది ఒక్క పదార్థం కాదు. ప్లాస్టిక్ పొరలు, మధ్యలో అల్యూమినియం పూత కలిసి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం, అందుకే కరిగించి వేరే వస్తువు చేయడానికి ఎవరూ కొనరు.

6. తొక్కలను ఎరువు చేయండి

మొత్తం పనిలో పిల్లలకు ఎక్కువ నేర్పేది ఇదే. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

మూత ఉన్న ఇరవై లీటర్ల పాత బకెట్ గానీ, మట్టి కుండ గానీ తీసుకోండి. పక్కల చుట్టూ, అడుగున వేలు పట్టేంత కన్నాలు పెట్టాలి. ఆ పని మీరు చేయండి. అడుగున పళ్లెం పెట్టండి, కారిన నీళ్లు అందులో పడతాయి. అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు పరవండి. ఆకులు దొరకకపోతే నర్సరీలో దొరికే కొబ్బరి పొట్టు వాడొచ్చు. ఎండుటాకులు పోగుచేయడం పిల్లలకు అప్పగించండి. వీధిలో ఊడ్చి కాల్చేసే ఆకులు ఒక సంచి నిండా తెచ్చిపెడితే నెల పైగా వస్తాయి.

రోజూ సాయంత్రం ఆ పూట తొక్కలు చిన్న ముక్కలు చేసి వేయాలి. వాటిపైన కొలతకు ఒకటికి రెండింతలు ఎండుటాకులు కప్పాలి. మొదట్లో దోసెడు పశువుల ఎరువు గానీ, చెట్టు కింది మట్టి గానీ, గ్లాసుడు పుల్ల మజ్జిగ గానీ కలిపితే పని త్వరగా మొదలవుతుంది. కుళ్లించే సూక్ష్మజీవులు వాటిలోనే ఉంటాయి. వారానికి రెండుసార్లు కర్రతో పైకీ కిందకీ తిప్పాలి. కూరగాయల తొక్కలు, పళ్ల తొక్కలు, టీ పొడి, పూలు, నలిపిన గుడ్డు పెంకులు వేయొచ్చు. మాంసం, చేప, నూనె కూరలు, పెరుగన్నం మొదట్లో వద్దు, వాటికి ఎలుకలు చేరతాయి. నిమ్మ తొక్కలు, ఉల్లి పొట్టు మరీ ఎక్కువ వేయొద్దు.

మూడు నాలుగు రోజులయ్యాక మధ్యలోకి కర్ర గుచ్చి, ఓ నిమిషం ఉంచి తీసి, దాన్ని పిల్లల చేత ముట్టించండి. వెచ్చగా తగులుతుంది. డిసెంబరులో పొద్దున్నే మూత తీస్తే ఆవిరి కూడా వస్తుంది. పొయ్యి లేదు, నిప్పు లేదు, వేడి ఎక్కడిదని అడుగుతారు. కంటికి కనిపించని జీవులు తింటూ, ఊపిరి తీసుకుంటున్నాయి, మనం పరుగెత్తితే ఒళ్లు వేడెక్కినట్టే వాటికీ అంతే అని చెప్పండి. మా తరగతిలో సూక్ష్మజీవుల పాఠం నేను ఈ బకెట్ దగ్గరే చెబుతాను.

ఇబ్బందులు తప్పకుండా వస్తాయి. వాటిని పిల్లల చేతే పరిష్కరింపజేయండి.

కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైందని, గాలి ఆడటం లేదని అర్థం. ఎండుటాకులు రెండు దోసిళ్లు వేసి బాగా తిప్పాలి. గుప్పెట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు మాత్రం కారకూడదు. చీమలు పడితే ఎండిపోయిందని గుర్తు, కాస్త నీళ్లు చల్లాలి. తెల్లటి లావుపాటి పురుగులు కనిపిస్తే పిల్లలు కాదు, ముందు పెద్దవాళ్లు కెవ్వుమంటారు. అవి ఒక రకం ఈగ పిల్లలు, తొక్కల్ని గబగబా తినేస్తాయి, మనుషులకు హాని చేయవు. ఆకులు కాస్త ఎక్కువ కప్పితే తగ్గిపోతాయి. వానాకాలం బకెట్‌ను వాన తడి తగలని చోట పెట్టండి.

బకెట్ నిండాక మరో బకెట్ మొదలుపెట్టి, మొదటిదాన్ని పక్కన పెట్టి వారానికోసారి తిప్పండి. నెలన్నర, రెండు నెలలకు నల్లటి పొడిలా తయారవుతుంది. తొక్కల వాసన పోయి మట్టి వాసన వస్తుంది. జల్లెడ పట్టి, మిగిలిన ముక్కలను కొత్త బకెట్‌లో వేసేయండి. ఒకే రకం రెండు కుండీల్లో మెంతులు చల్లి, ఒకదానికి ఈ ఎరువు వేసి, రెండో దానికి వేయకుండా పిల్లల చేత పెంచండి. ఆ మెంతికూర పప్పులో వేసి వండితే, ఆకుకూర ముట్టని పిల్లలు కూడా అడిగి వడ్డించుకుంటారు.

పెరట్లో గేదె ఉన్న ఇళ్లవాళ్లు ఇదంతా ఎందుకు, కుడితి తొట్టిలో వేస్తే సరిపోతుంది కదా అంటారు. నిజమే, అంతకన్నా మంచి దారి లేదు. ఒకప్పుడు ప్రతి ఊళ్లో తొక్కలు కుడితిలోకి, మిగిలింది పెంటకుప్ప మీదికి, ఆ ఎరువు పొలానికి పోయేవి. అప్పుడు కుప్ప మీద కవర్లు లేవు. ఇప్పుడు అదే కుప్పలో కవర్లు కలిసి పొలానికి పోతున్నాయి, నాగలికి చుట్టుకుంటున్నాయి. అమ్మమ్మను, తాతయ్యను కూర్చోబెట్టి, వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో పారేసేవి ఏమేం ఉండేవో పిల్లల చేత అడిగించి రాయించండి. ఆ జాబితాను మీ రెండో మెట్టు నోట్‌బుక్‌తో పోల్చి చూసుకోమనండి.

7. పొడి చెత్తను డబ్బు చేసి చూపండి

పాల ప్యాకెట్‌తో మొదలుపెట్టండి. మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క పూర్తిగా తెగిపోకుండా కొసకు అతుక్కుని ఉండేలా కత్తిరించడం నేర్పండి. తెగిపోయిన ముక్క ఎవరికీ దొరకదు, కాలువలోకి పోతుంది. ఖాళీ ప్యాకెట్‌ను నీళ్లతో కడిగి, తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేస్తే పాత సామాన్లవాళ్లు కొంటారు. అట్టపెట్టెలు, న్యూస్‌పేపర్లు, సీసాలు, ఇనుము, వాటర్ బాటిళ్లు కూడా కొనేవే. పాత సామాన్ల బండి వచ్చినప్పుడు పిల్లలనే బేరమాడనివ్వండి. ఏది ఎంతకు కొంటారు, ఏది ఊరికే ఇచ్చినా తీసుకోరు అని అడిగి రాసుకోమనండి. ఆ తీసుకోని జాబితా చాలా ముఖ్యం. చిప్స్ ప్యాకెట్లు, సాచెట్లు, నూనె అంటిన పార్శిల్ కవర్లు, థర్మాకోల్ అందులోనే ఉంటాయి. ఇక్కడి నుంచి తర్వాతి మెట్టుకు పిల్లలే దారి తీస్తారు.

8. పుట్టకముందే ఆపడం

ఎవరూ కొననివి, మట్టిలో కలవనివి ఇంట్లోకి రాకుండా ఏం చేయొచ్చో పిల్లల్నే అడగండి. అన్నీ ఒకేసారి మానేయమంటే ఒక్కటీ జరగదు. ఇంటిల్లిపాదీ కలిసి ఒకటి ఎంచుకోండి. కర్రీ పాయింట్‌కు స్టీలు గిన్నె తీసుకెళ్లడం మంచి మొదలు, చాలా దుకాణాల్లో అభ్యంతరం చెప్పరు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు, బెలూన్ల పుల్లలు, అలంకరణకు వాడే థర్మాకోల్ దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధంలో ఉన్నాయి. ఈ జాబితా చేతిలో పెట్టుకుని పిల్లలతో బజారుకెళితే ఏవేవి ఇంకా అమ్ముతున్నారో వాళ్లే గుర్తిస్తారు. దుకాణదారుడితో గొడవ వద్దు, "మాకు కవరు వద్దు అంకుల్" అనడం నేర్పితే చాలు.

పండుగలు బాగా కలిసొస్తాయి. వినాయక చవితికి మట్టి విగ్రహం చేయించడం ఇప్పుడు చాలా బడుల్లో ఉంది. పత్రిని, పూలను నిమజ్జనంలో కవరుతో సహా పడేయకుండా ఎరువు బకెట్‌లో వేయించండి. భోగి మంటల సంగతి గట్టిగా చెప్పాలి. పిడకలు, ఎండు కొమ్మలు వేయాల్సిన మంటలో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లెక్సీలు వేస్తున్నారు. ఆ పొగ విషం, ఆ చుట్టూ నిలబడేది పసిపిల్లలు. చెత్తను ఆరుబయట కాల్చడం నిబంధనలకు కూడా విరుద్ధం. పుట్టినరోజుకు, ఇంట్లో వ్రతానికి మన్యం నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు గానీ, తెలంగాణలో దొరికే మోదుగాకు విస్తర్లు గానీ వాడి, తిన్నాక అవి ఏమవుతాయో పిల్లలకు చూపించండి. సిద్దిపేటలో ఫంక్షన్లకు స్టీలు పళ్లాలు, గ్లాసులు ఇచ్చే స్టీల్ బ్యాంకు పెట్టారు. మీ అపార్ట్‌మెంటులోనూ అందరూ తలా కాస్త వేసుకుంటే ఓ వంద పళ్లాలు కొనుక్కోవచ్చు.

9. బడిలో అయితే

టీచర్లకు నా సలహా: ర్యాలీ కన్నా ముందు కాటా తీయండి. మధ్యాహ్న భోజనం తర్వాత పళ్లాల్లో మిగిలిన అన్నాన్ని ఒక బకెట్‌లో వేయించి వారం పాటు రోజూ తూయించండి, బోర్డు మీద రాయించండి. ఎవరి పేరూ రాయొద్దు, ఎవర్నీ తిట్టొద్దు. అంకె చూస్తే చాలు, కావాల్సినంతే పెట్టించుకోవడం మొదలవుతుంది. ఆంధ్రాలో చిక్కీ ఇచ్చే రోజు గ్రౌండు నిండా రేపర్లు పడతాయి. పంచే చోటే ఒక డబ్బా పెట్టి, రేపరు అక్కడే విప్పి వేసి చిక్కీ తీసుకెళ్లేలా చేస్తే ఆ ఒక్క మార్పుతో గ్రౌండు శుభ్రంగా ఉంటుంది. గుడ్డు పెంకులు ఎరువు గుంతకు పంపండి.

ఊడ్చే పని శిక్షగా ఇవ్వొద్దు. హోంవర్క్ చేయని పిల్లల చేత చెత్త ఎత్తిస్తే, ఆ పని తప్పు చేసినవాళ్లదని తరగతి మొత్తానికీ నేర్పినట్టవుతుంది. వంతులు వేసుకుని, టీచర్లతో సహా అందరూ చేయాలి. ఏ కులం పిల్లలకో, ఆడపిల్లలకో ఆ పని వదిలేసే అలవాటు ఉన్న బడి అయితే ముందు దాన్ని ఆపాలి.

వీలైతే ఒక పారిశుద్ధ్య కార్మికురాలిని తరగతికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పొద్దున ఎన్నింటికి లేస్తారు, చెత్తలో ఏం దొరికితే భయం, వానలో ఎలా అని పిల్లల్ని అడగనివ్వండి.

10. "మనం విడదీస్తే వాళ్లు కలిపేస్తున్నారు కదా?"

ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. రెండు బుట్టలూ బండిలో ఒకే కుప్పగా పోయడం పిల్లలు చూస్తారు. చూడలేదని దాటేయొద్దు. చాలాచోట్ల అలా జరుగుతోందని, జరగకూడదని నిజమే చెప్పండి. ఎరువు చేసుకున్న తడి చెత్త ఎలాగూ ఆ బండి ఎక్కదు, కడిగి అమ్మిన ప్యాకెట్లూ ఎక్కవు. అంటే మన ఇంటి చెత్తలో చాలా భాగాన్ని ఎవరూ కలిపే వీలు లేదు. నోట్‌బుక్ తెరిచి మొదటి ఆదివారం తూకానికీ ఇప్పటి తూకానికీ తేడా లెక్క కట్టించండి.

మిగిలినదాని కోసం అడగాలి. ముందు బండి మీది అన్నను అడగండి. బండిలో అర లేకపోవచ్చు, లేదా వేరుగా తెచ్చినా దించే చోట వేరు కుప్పలు లేకపోవచ్చు. ఆయన చేతిలో లేనిదానికి ఆయన్ను నిలదీయడం న్యాయం కాదు. ఆ తర్వాత పిల్లల చేత ఉత్తరం రాయించండి. పట్టణంలో మున్సిపల్ కమిషనర్‌కు, ఊళ్లో సర్పంచికి, పంచాయతీ కార్యదర్శికి. ఉత్తరం చిన్నగా ఉండాలి. మా వీధి పేరు ఇది. ఇన్ని ఇళ్లవాళ్లం తడి, పొడి వేరుగా ఇస్తున్నాం. బండిలో రెండూ కలిసిపోతున్నాయి. అడ్డుగా ఒక రేకు గానీ, పొడి చెత్తకు వారంలో ఒక ప్రత్యేకమైన రోజు గానీ ఏర్పాటు చేయండి. ఇంతే. కింద పిల్లలందరి సంతకాలు.

ఉత్తరం ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే నెల తర్వాత అదే నకలుతో మళ్లీ వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది, అధికారులు ఊళ్లలోకి వస్తారు కాబట్టి ఆ రోజు కలవడం సులువు. తెలంగాణలో గ్రామసభ రోజు చూసుకోండి. పిల్లలతో పాటు మీరూ వెళ్లండి, కానీ మాట్లాడేది వాళ్లనే మాట్లాడనివ్వండి. తూకాల నోట్‌బుక్ వాళ్ల చేతిలోనే ఉండాలి.